చెన్నపురి మంచుకొట్టు

చెన్నపట్టణమున తిరువల్లిక్కేణి సముద్రతీరమున గుండ్రని ముఖభాగముతో నొక పాత భవనము గలదు. నేడది వివేకానందుని పేర వెలయుచున్నను, ఆ ప్రాంతపు జనుల నోట ఇప్పటికిని ‘ఐస్ హౌస్’ అను పేరే నిలిచియున్నది. ఈ పేరు పుట్టిన విధము విచారించినచో వర్తకచరిత్రముతోపాటు మన సంఘచరిత్రము కూడ కొంత తెలియగలదు.

అమెరికాలోని బోస్టను నగరమున ఫ్రెడరిక్ ట్యూడరను వర్తకుడుండెను. చలికాలమున గడ్డకట్టిన చెరువుల మంచును కోయించి, యోడల నింపి, ఉష్ణదేశముల నమ్ముట ఆయన వ్యాపారము. 1833లో ఆయన సరకు మొదటిసారి కలకత్తా చేరెను. బయలుదేరినపుడు సుమారు 180 టన్నులుండిన మంచు, నాలుగు మాసముల ప్రయాణము పిమ్మట 100 టన్నుల వరకు మిగిలెను. ఆ వ్యాపారమున రంపపుపొట్టే మంచునకు కంబళి.

చెన్నపురిలో ఈ సరకును నిలువచేయుటకు 1842 ప్రాంతమున గట్టిన కొట్టే యీ భవనము. అప్పుడచ్చట ఓడరేవు లేదు. ఓడలు దూరముననే లంగరు దింపగా, పలకలను త్రాళ్లతో కుట్టిన మసూలా పడవలు అలలను దాటి సరకును గట్టునకు దెచ్చుచుండెను. అందుచేతనే కొట్టు తీరముననే వెలసెను. యంత్రములతో మంచుచేయు పద్ధతి వచ్చిన పిదప ఈ దూరదేశపు సరకుతో పని లేకపోయెను. 1880 నాటికి వ్యాపార మడుగంటెను.

అనంతరము బిళిగిరి అయ్యంగారను న్యాయవాది దీనిని కొని, కిటికీలును వసారాలును అమర్చి నివాసయోగ్యముగ జేసి, తన మిత్రుడగు న్యాయమూర్తి పేర ‘కాజిల్ కెర్నన్’ అని పిలిచెను. 1897 ఫిబ్రవరిలో పాశ్చాత్యదేశములనుండి మరలివచ్చిన వివేకానందస్వామి ఇందే బసచేసిరి. పిమ్మట రామకృష్ణానందస్వామి 1906 వరకు ఇచ్చట మఠమును నడపిరి. 1917లో భవనము ప్రభుత్వపరమయ్యెను.

మా దృష్టిలో దీని చరిత్రమున ముఖ్యాధ్యాయ మప్పుడే యారంభమైనది. పదునొకండవయేట పెండ్లియై, కొలదికాలముననే వైధవ్యము పొందిన సుబ్బలక్ష్మిగారు 1911లో పట్టభద్రురాలై, మరుసటి యేడు శారదా స్త్రీసమాజమును స్థాపించిరి. వారి సంరక్షణలోనున్న బాలవితంతువులకు ఈ భవనము వసతిగృహమయ్యెను. ఎదురుపడిన నపశకునమని లోకము తప్పించుకొను పిల్లలు ఈ మేడలో పుస్తకములు పట్టిరి. రెండు దశాబ్దములకు పైగా ఈ యేర్పాటు సాగెను. 1922లో సమీపముననే యేర్పడిన లేడీ విల్లింగ్డను శిక్షణకళాశాలకును సుబ్బలక్ష్మిగారే నాయకత్వము వహించిరి. చదివిన బాలికలలో పెక్కురు ఉపాధ్యాయినులై తమ జీవనమును తామే గడుపుకొనిరి. అయితే ఈ వసతిగృహపు తలుపు బ్రాహ్మణబాలికలకే తెరువబడెను. ఈ కొఱతను మఱుగుపఱచుట చరిత్రమునకు న్యాయము గాదు.

ఆంధ్రదేశమున 1881 డిసెంబరు 11వ తేదీననే రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిరి. ఆయన వివాహమార్గమును, సుబ్బలక్ష్మిగారు విద్యామార్గమును ముఖ్యముగ నవలంబించిరి. రెంటికిని మూలమొక్కటియే: వితంతువు కూడ జీవింపదగిన మనుష్యురాలే యను నమ్మకము.

ఎక్కడి మంచో కరగకుండ సముద్రములు దాటించి, మందమైన గోడలు కట్టి కాపాడిన కాలముననే, మన యిండ్లలో పదేండ్ల పిల్లల బ్రదుకులు కరగిపోవుచుండెను. వారికిని గోడలు లేకపోలేదు. మూసిన తలుపులే యుండెను. మంచును నిలుపుటకు తలుపులు మూయవలెను; మనుష్యులను నిలుపుటకు తెరువవలెను. ఈ కొట్టు మంచును నిలువచేసిన కాలము నలువదేండ్లకు మించదు. ఆ పేరు మాత్రము నేటికిని కరగలేదు. ఆ పేరు వినినపుడు మంచుతోపాటు ఆ బాలికలను కూడ మనవారు తలచుకొందురుగాక!