యంత్రమునకు ఊనిక నేర్పిన కథ

శ్రుతిని తల్లిగాను, లయను తండ్రిగాను భావించుట మన సంగీత సంప్రదాయము. తల్లి స్థానమున యంత్రమును కూర్చుండబెట్టుటకు మనవారు అంతగా సంకోచింపలేదు. శ్రుతిపెట్టెయు, దాని వెంట విద్యుత్ తంబురాయు మన యిండ్లలో ప్రవేశించి చాలకాలమైనది. తండ్రి స్థానమును యంత్రమున కప్పగించుట మాత్రము అంత తేలికగా జరుగలేదు. పాటకు కంప్యూటరే డ్రమ్ములు మ్రోగించు నేటి దినములలో సైతము, ఇది మనిషి చేయి కాదని చెవి యిట్టే పసిగట్టుచుండును. దీనికి కారణమేమో, ఆ లోపమును పూరించుటకు ఎవరెవరు ఎట్టి ప్రయత్నములు చేసిరో విచారింతము.

ప్రక్కవాద్యకారుని పని రెండు విధములు. దెబ్బను సరియైన కాలమునకు వేయుట మొదటిది. ఏ దెబ్బను గట్టిగా, ఏ దెబ్బను మెత్తగా, ఏ దెబ్బను వినీవినబడనట్లుగా వేయవలెనో నిర్ణయించుట రెండవది. ఈ రెండవ దానినే మనము ఊనిక యందము. శ్రోతలు బల్లపై వ్రేళ్లతో ఎనిమిది దెబ్బలు సమానముగా కొట్టి చూతురు గాక. అది గడియారపు చప్పుడు. అందే ఒకటవ, నాలుగవ, ఏడవ దెబ్బలను గట్టిగా కొట్టినచో మూడు, మూడు, రెండుగా విరిగిన ఒక హుషారైన నడక పుట్టును. ఊనికను ఒకటవ, అయిదవ దెబ్బలపైకి మార్చినచో నిదానమైన చతురశ్రము వచ్చును. దెబ్బల సంఖ్య మారలేదు, కాలము మారలేదు. నడక మాత్రము పూర్తిగా మారినది. యంత్రము మొదటి విద్యను త్వరగనే నేర్చెను. రెండవ విద్యకు శతాబ్దములు పట్టెను.

తమంత తాము మ్రోగు వాద్యములు క్రొత్తవి కావు. 9వ శతాబ్దమున బాగ్దాదు నగరమున బానూ మూసా సోదరులు తనంత తానే పలుకు వేణుయంత్రమును వర్ణించిరి. నేటి తుర్కీ దేశములోని దియార్‌బకిర్ ప్రాంతపు రాజుల కొలువున నుండిన అల్ జజారీ 1206లో ముగించిన గ్రంథమున ఒక విచిత్రమైన పడవ కలదు. రాజుగారి పానగోష్ఠులలో అతిథుల వినోదమునకై అది కొలనులో తేలుచుండును. అందు నలుగురు బొమ్మ వాద్యకారులు కూర్చుందురు. నీటి బలముతో తిరుగు కొయ్యదూలమునకు మేకులుండును. మేకు వచ్చి మీటను తాకినపుడు బొమ్మ చేయి వాద్యముపై పడును. ఆ మేకులను పెరికి వేరొకచోట పాతినచో నడక మారునని నేటి పరిశోధకులు కొందరు తలచుచున్నారు. అదియే నిజమైనచో ‘దెబ్బ ఎప్పుడు’ అను ప్రశ్నకు సమాధానము ఎనిమిదివందల యేండ్లనాడే దొరకినట్లు. ‘ఎంత గట్టిగా’ అనుటకు మాత్రము మేకు సమాధానము చెప్పజాలదు.

1815లో మేల్జెల్ అనునాతడు మెట్రోనోమునకు పేటెంటు పొందెను. అందలి మూలసూత్రము అంతకు పూర్వమే ఆమ్‌స్టర్‌డామున వింకెల్ కనుగొన్నది. మహాస్వరకర్త బీథోవెన్ 1817లో తన సింఫనీలకు దాని లెక్క ననుసరించి కాలప్రమాణములు ప్రకటించెను. తరువాత కొన్ని మెట్రోనోములకు చిన్న గంటను చేర్చిరి. ఆవర్తము మొదట నది మ్రోగును. యంత్రమున ఊనికకు ఇది తొలి రూపమనవచ్చును. అయితే అది ఒకే చోట, ఒకే తీరున పడు ఊనిక.

విద్యుచ్ఛక్తి వచ్చిన పిమ్మట కథ వేగమందుకొన్నది. అమెరికా స్వరకర్త హెన్రీ కొవెల్ కోరికపై రష్యా దేశీయుడగు లియోన్ థెరెమిన్ 1931లో ‘రిథమికాన్’ అను వాద్యమును నిర్మించెను. 1932 జనవరిలో న్యూయార్కున దానిని ప్రదర్శించిరి. తిరుగు చక్రముల రంధ్రముల గుండా వచ్చిన వెలుతురు విద్యుత్కన్నుపై పడినపుడెల్ల ఒక దెబ్బ వినబడును. మొదటి మెట్టు నొక్కిన ఒక దెబ్బ, రెండవది నొక్కిన అంతకాలముననే రెండు, ఇట్లు పదునారవ మెట్టునకు పదునారు. అయిదింటిని, ఏడింటిని ఏకకాలమున నడుపుట ఎంత కష్టమో లయజ్ఞానము గలవారికి తెలియును. ఆ యంత్రమునకది రెండు వ్రేళ్ల పని. కాలవిభజనలో ఇంతటి ప్రజ్ఞ చూపినను అది వాద్యబృందములలో స్థిరపడలేదు.

అటుపై లయయంత్రము ప్రయోగశాల నుండి యింటికి, హోటలు వేదికకు దిగినది. ఒంటరిగా ఆర్గను వాయించుకొనువారికి తోడుగా వుర్లిట్జర్ సంస్థ 1959లో ‘సైడ్ మాన్’ను విడుదల చేసెను. కొయ్యపెట్టెలో చక్రము తిరుగుచుండగా, రేడియోలలో నాడుండిన వాల్వుల వంటి వాల్వులే డ్రమ్ముల ధ్వనిని పుట్టించెడివి. అందు పండ్రెండు నడకలుండెను. టోక్యోలో ఒసనాయ్ అను అకార్డియన్ వాద్యకారుడు దానిని ప్రక్కనుంచుకొని వాయించి తృప్తి చెందక, ఇంతకంటె మేలైనది తానే చేయగలనని పూనుకొనెను. కాటో అను వ్యాపారి తోడ్పాటుతో 1963లో వెలువడిన ఆ యంత్రము పేరు ‘డొంకామాటిక్’. వారి సంస్థయే నేడు కోర్గ్ అను పేర ప్రసిద్ధము. జపాను దేశముననే కకెహాషి ఇకుతారో 1967లో ‘రిథమ్ ఏస్ ఎఫ్.ఆర్. 1’ను తెచ్చెను. అందు పదునారు నడకలు. రెండు మీటలను కలిపి నొక్కి రెండు నడకలను జోడింపవచ్చును. అయినను ఆ నడకల లోపలి దెబ్బ నొక్కదానిని కదలించుటకు కొన్నవారికి వీలులేకుండెను. చేసినవాని అభిరుచియే వాయించువాని అభిరుచి కావలసి వచ్చెను.

ఈ కట్టు సడలినది 1970 దశకమున. కకెహాషి స్థాపించిన రోలాండ్ సంస్థ 1978లో తెచ్చిన ‘సి.ఆర్. 78’ యంత్రమున వాయించువాడు తన నడకలను నాలుగింటిని తానే కూర్చి దాచుకొనవచ్చును. 1980లో అదే సంస్థ ‘టి.ఆర్. 808’ను విడుదల చేసెను. దాని ముఖమున పదునారు మీటలు వరుసగా నుండును. ఆవర్తమునకు పదునారు అక్షరములన్నమాట. వాద్యము నెన్నుకొని, ఏ అక్షరమున మ్రోగవలెనో ఆ మీటను నొక్కవలెను. ఇంతవరకు జజారీ మేకులకును దీనికిని భేదము స్వల్పమే. క్రొత్తదనమంతయు వేరొక వరుసలో నున్నది. ధ్వని లేని ఆ వరుస పేరు ‘ఏక్సెంట్’, అనగా ఊనిక. ఏ అక్షరమున దానిని గుర్తించిన ఆ అక్షరము బిగ్గరగా పలుకును. అయితే ఒక చిక్కు. ఆ క్షణమున మ్రోగు వాద్యములన్నియు ఒక్కుమ్మడిగా బిగ్గరగును. ఒక డ్రమ్మును గట్టిచేసి తక్కినవానిని మెత్తగా నుంచుటకు వీలులేదు. ఇంటిల్లిపాదికి ఒకే కొలత చొక్కా కుట్టించినట్లయినది.

అదే సంవత్సరమున అమెరికాలో రోజర్ లిన్ ‘ఎల్.ఎం. 1’ యంత్రమున కల్పిత ధ్వనులకు బదులు నిజమైన డ్రమ్ముల ధ్వనులను నమోదు చేసి వాడెను. జంటదెబ్బలలో రెండవదానిని ఒకింత ఆలస్యము చేసి నడకకు ఊపు తెచ్చు ఏర్పాటు నందుంచెను. ఊనిక బలమున మాత్రమే గాక కాలమునను ఉండునని, గట్టిగా కొట్టకయే కొంచెము తడసి కొట్టి దెబ్బను ఎత్తిచూపవచ్చునని దీనిచే తేటపడెను.

1983లో వేర్వేరు సంస్థల వాద్యయంత్రములు పరస్పరము మాటలాడుకొను ‘మిడి’ అను భాష యమలులోనికి వచ్చెను. ఈ భాషలో ప్రతి దెబ్బకును తనదైన బరువు ఒక సంఖ్యగా నుండును. ఒకటి మొదలు 127 వరకు మెట్లు. సున్న యనిన ధ్వని ఆగుట. 1991లో కుదిరిన ఒడంబడికచే డ్రమ్ములకు పదియవ మార్గమును, ఒక్కొక్క వాద్యమునకు ఒక్కొక్క సంఖ్యను స్థిరపరచిరి: బేస్ డ్రమ్మునకు 36, స్నేర్ డ్రమ్మునకు 38, మూసిన జంట తాళములకు 42. ఒకే అక్షరమున స్నేర్ 110 బరువుతోను, తాళములు 40 బరువుతోను మ్రోగవచ్చును. ఇంటిల్లిపాదికి ఎవరి కొలత వారికి దొరకినది.

దీని ఫలమే నేటి ప్రక్కవాద్య సాఫ్ట్‌వేర్. 1990లో కెనడా దేశీయుడగు పీటర్ గానన్ వెలువరించిన ‘బ్యాండ్ ఇన్ ఎ బాక్స్’ ఇందు ప్రసిద్ధమైనది. పాటకు కావలసిన కార్డుల పేర్లను వరుసగా వ్రాసి, నడకను ఎన్నుకొనినచో డ్రమ్ము, బేస్, పియానో తామే మ్రోగును. కార్డు పేరు ప్రక్క రెండు చుక్కలు పెట్టినచో బృందమంతయు అచట ఒక్క దెబ్బ కొట్టి ఆగును. మూడు చుక్కలకు ఆ ధ్వనిని సాగదీయును. ఒకే చుక్కకు మౌనము వహించును. నడకనే మార్చదలచినవారికి డ్రమ్ముల గళ్లపట్టిక కలదు. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క దెబ్బ బరువును వ్రాసికొనవచ్చును. తరువాతి కాలమున నిజమైన డ్రమ్ము విద్వాంసులు వాయించిన నాదమునే ముక్కలుగా చేర్చు ఏర్పాటు వచ్చెను. చెవికది సహజముగా నుండును. కాని సంఖ్యలలో వలె ఒక్కొక్క దెబ్బను సులువుగా సవరించుకొన వీలుపడదు. సహజత్వము కావలెనా, స్వాతంత్ర్యము కావలెనా యను ప్రశ్న వాడువాని ముందు నిలుచుచున్నది.

ఈ మార్పులన్నియు నిరపాయముగా జరిగినవని చెప్పజాలము. 1982లో బ్రిటన్ వాద్యకారుల సంఘపు లండను శాఖ యొకటి సింథసైజర్లను, డ్రమ్ము యంత్రములను నిషేధింపవలెనని తీర్మానించెను. నిషేధము సాగలేదు. అయినను ఆ తీర్మానమును పరిహసించుట న్యాయము కాదు. చేతివిద్యను నమ్ముకొన్న కుటుంబముల భయము దానిలో నున్నది. పెండ్లి వేదికపై నలుగురు కూర్చుండు చోట ఒక పెట్టె కూర్చుండినపుడు పోవునది సంపాదన మాత్రమే కాదు. ఆ నలుగురి నుండి విద్య నేర్వవలసిన పిల్లవాని భవిష్యత్తు కూడను.

యంత్రము తప్పులేకుండ వాయించుటయే లోపమని తలచి, కొందరు దెబ్బలను అటునిటు పాచికలు వేసినట్లు జరుపు ఏర్పాటును సాఫ్ట్‌వేరులలో చేర్చిరి. 2011లో జర్మనీలోని గొట్టింగెన్ నగర శాస్త్రజ్ఞుడు హోల్గర్ హెన్నిగ్, ఆయన సహచరులు ఈ విషయమును పరీక్షించిరి. నిపుణుడైన డ్రమ్ము వాద్యకారుడు సైతము సాధారణముగా సెకనులో నూరవ వంతు, రెండు వంతులు ముందు వెనుకలగునని, కాని ఆ తేడాలు పాచికల వంటివి కావని వారు కనుగొనిరి. ఇప్పటి తేడాకును ఎన్నో దెబ్బల క్రిందటి తేడాకును సంబంధముండును; చేతికి జ్ఞాపకమున్నదన్నమాట. రెండు విధములుగను సవరించిన సంగీతమును వినిపింపగా శ్రోతలు జ్ఞాపకమున్న తేడాలనే మెచ్చిరి. మనిషి వాయించుటలో మనము ప్రేమించునది తప్పును కాదు. తప్పులో సైతము తెగని ఆలోచనను.

మన కర్ణాటక సంగీతమునకు ఈ మాట మరింత వర్తించును. బెంగుళూరు రాడెల్ సంస్థవారి ‘తాళమాల’ వంటి విద్యుత్ తబలాలు సాధకులకు ఉపకరించుచున్నవి. వేకువను ఒంటరిగా సాధన చేయు విద్యార్థికి అలసట యెరుగని తోడు దొరకుట చిన్న మేలు కాదు. అయితే మన కృతులన్నియు సమమున ఎత్తుకొనబడవు. తాళము మొదలైన పిదప అరయక్షరమో, ముప్పాతిక యక్షరమో గడచి సాహిత్యము మొదలగునవి ఎన్నియో కలవు. మృదంగ విద్వాంసుడు ఆ ఎత్తుగడ నెరిగి, పాట అడుగు పెట్టు చోటికి తన వాద్యమును చేర్చును. గాయకుడు సున్నితమైన సంగతి వేయునపుడు చేతిని తేలిక చేయును. యంత్రము సమము నెరుగును గాని పాట నెరుగదు. పాట నెరిగినవారెవరో దానికి చెప్పవలెను.

కావున ఇండ్లలో ఇట్టి సాఫ్ట్‌వేరును వాడువారికి మేము చెప్పదలచినది స్వల్పము. ముందు యంత్రమును కట్టి, పాటను చేతితో తాళము వేయుచు రెండు మూడు మారులు పాడుకొనుడు. గొంతు ఎచట తనంత తాను బరువు వేయుచున్నదో గుర్తించి, అచట మాత్రమే పెద్ద సంఖ్యను వ్రాయుడు. అన్ని గళ్లలో 127 వ్రాసినచో ఎచటను ఊనిక లేనట్లే; మెత్తని దెబ్బ యున్నపుడే గట్టి దెబ్బకు విలువ. కొన్ని గళ్లను ఖాళీగా విడుచుటకు వెనుదీయకుడు. ఇంకొక మాట. ఊరిలో మృదంగమో, డోలకో, డప్పో వాయించువారున్నచో పిల్లలను వారి యెదుట కూర్చుండబెట్టి వినిపింపుడు. పట్టికలో ఏ సంఖ్య వ్రాయవలెనో వారికి తెలియునది అప్పుడే.