క్లచ్చి పట్టేసిందంటే

మోటారుసైకిలు మెకానిక్కుల భాషలో "పట్టేసింది" అన్న మాటకున్నంత విస్తారమైన అర్థం మరే మాటకీ లేదు. బ్రేకు పట్టేస్తుంది, కేబులు పట్టేస్తుంది, పిస్టను పట్టేస్తుంది, క్లచ్చి పట్టేస్తుంది. వీటిలో పిస్టను పట్టేస్తే జేబుకి చిల్లు. క్లచ్చి పట్టేస్తే ఓ పూట పని, నాలుగు గ్లాసుల కిరసనాయిలు. అయినా పాతబండి కొన్నేళ్ళు మూలపడి వుంటే, ఈ రెండో జబ్బుని చూసి మొదటి జబ్బనుకుని, లక్షణమైన బండిని పాత ఇనపసామాన్ల వాడికి అప్పజెప్పినవాళ్ళు మనలో చాలామందే వున్నారు. అందుకని ఈ క్లచ్చిగారి పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పుకుందాం.

మొదట్లో మోటారుసైకిలుకి క్లచ్చే లేదు. 1901లో ఇంగ్లండులోని రెడ్డిచ్ అనే వూళ్ళో రాయల్ ఎన్‌ఫీల్డు వారు చేసిన మొట్టమొదటి బండిలో, హ్యాండిలుకి ముందు ఓ చిన్న మినర్వా ఇంజను, అక్కణ్ణించి వెనకచక్రం దాకా పొడుగాటి పచ్చితోలు బెల్టు. అంతే సంగతులు. ఇంజను తిరిగితే చక్రం తిరగాలి, చక్రం ఆగితే ఇంజను ఆగాలి. ఇద్దరికీ మధ్యవర్తి అనేవాడు లేడు. దారికి అడ్డంగా ఆవు పడుకుంటే ఇంజను ఆపుకోవాలి. ఆవు దయతలచి లేచాక మళ్ళీ మొదట్నించీ తొక్కుకోవాలి.

ఆ మధ్యవర్తే తర్వాత వచ్చిన క్లచ్చి. కారులో అయితే పళ్ళెమంత పలక ఒకటి పెట్టుకోవచ్చు. మోటారుసైకిల్లో అంత చోటేదీ? అందుకని చిన్న చిన్న పలకలు అరడజనో ఎనిమిదో చేసి, ఇంజను తాలూకు పలక ఒకటి, గేరుబాక్సు తాలూకు పలక ఒకటి, పేకముక్కలు కలిపినట్టు ఒకదాని సందున ఒకటి పేర్చారు. మీదనించి స్ప్రింగులతో అదిమారు. చేత్తో లివరు పట్టుకుంటే స్ప్రింగుల బిగువు తగ్గి పలకలు విడిపోతాయి, వదిలితే మళ్ళీ కరుచుకుంటాయి. పక్కనే తిరిగే చెయినుకి ఎలాగూ ఆయిలు కావాలి గనక చాలా బళ్ళలో ఈ పలకల్ని కూడా ఆ ఆయిల్లోనే ముంచి వుంచారు. ఆయిల్లో ఇనుముకి ఇనుము జారిపోతుందే అంటారా? దానికో చమత్కారం చేశారు. పలకకి చిల్లులు పొడిచి వాటిల్లో సీసా బిరడాల కార్కు ముక్కలు దిగ్గొట్టారు. కార్కు ఆయిల్లో నానినా పట్టు వదలదు. దొరలు సీసామూతికి వాడే బెరడే చాలాకాలం వాళ్ళ మోటారుసైకిళ్ళని కూడా నడిపించింది. 1961 నించి మైసూరులో తయారైన జావా బళ్ళలో కూడా ఈ కార్కు ప్లేట్లే వుండేవి.

మనకి బాగా పరిచయమైనది బుల్లెట్టు. ఆ పేరు 1932లోనే పుట్టినా, మనం చూసిన రూపం 1949 నాటిది. 1950ల తొలి ఏళ్ళలో మన ప్రభుత్వం సరిహద్దుల్లో గస్తీ తిరిగే సైన్యం కోసం 800 బళ్ళకి ఆర్డరిచ్చింది. 1955లో మద్రాసు మోటార్సు వారితో కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా కంపెనీ పెట్టారు. మద్రాసు పక్కనే తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ. మొదట్లో విడిభాగాలు ఓడలో వస్తే ఇక్కడ బిగించేవారు, తర్వాత ఇక్కడే తయారుచేశారు. రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. పుట్టింటివాళ్ళు వదిలేసిన బండిని అత్తింటివాళ్ళు పోషించుకుంటూ వచ్చి, 1977లో తిరిగి ఆ ఇంగ్లండుకే ఎగుమతి చేశారు. మనవాళ్ళు చేసిన పనుల్లో నాకు బాగా నచ్చిన వాటిల్లో ఇదొకటి.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, ఇది రోజూ తిరగడానికి పుట్టిన బండి. తిరుగుతున్నన్నాళ్ళు పలకల మధ్య ఆయిలు కదులుతూ వుంటుంది. ఆపేసి ఏళ్ళ తరబడి పెడితే స్ప్రింగులు మాత్రం రాత్రింబవళ్ళు అదుముతూనే వుంటాయి. మధ్యలో చిక్కిన ఆయిలు జిగురై, బంకై, పలకలన్నిటినీ అప్పడాల కట్టలా అంటించేస్తుంది. నీటిచెమ్మ చేరితే తుప్పు కూడా తోడవుతుంది. అప్పుడు లివరు ఎంత పట్టుకున్నా ఇంజనూ చక్రమూ విడిపోవు. బండి 1901లోకి వెళ్ళిపోతుందన్నమాట.

మా పెదనాన్న కాలవల మీద ఓవర్సీరు. 1968లో కొన్న బుల్లెట్టు మీద డెల్టా గట్లన్నీ తిరిగాడు. ఆయన 1979లో పోయాక బండి నాలుగేళ్ళు పశువుల కొట్టంలో వుండిపోయింది. సీటు మీద కోళ్ళు పొదుగుతుండేవి. పాతసామాన్లు కొనే ఆయనొకడు వచ్చి, లివరు పట్టుకుని ముందుకు తోస్తే చక్రం ఈడ్చుకొచ్చిందే గానీ తిరగలేదు. "ఇంజను పట్టేసిందమ్మా, కాటా లెక్కన ఇస్తాను" అన్నాడు. మా పెద్దమ్మ, "ఊపిరుందో లేదో చూడకుండానే కాటాకెక్కిస్తారట్రా?" అని నా వంక చూసింది. ఆవిడకి ఆ డబ్బు అవసరమే. కానీ ఆ బండి చప్పుడు కాలవ వంతెన దగ్గర వినిపించగానే పొయ్యిమీద ఎసరు పెట్టిన మనిషి ఆవిడ.

వూళ్ళో బుల్లెట్లు బాగుచేసే సాయిబుగార్ని పిలుచుకొచ్చాను. ఆయన రెంచి ముట్టుకోలేదు. మడమతో న్యూట్రల్ పెడలు నొక్కాడు. బండి గేరులో వుండిపోయిందట, న్యూట్రల్లో పడగానే చక్రం హాయిగా దొర్లింది. తర్వాత కిక్కు మీద కాలేసి మెల్లిగా దించాడు. బరువుగా, వూపిరి బిగబట్టినట్టుగా దిగింది. "ఇంజను తిరుగుతోంది బాబూ, పిస్టను బాగానే వుంది" అన్నాడు. ఈసారి క్లచ్చి లివరు పట్టుకుని తొక్కాడు. మళ్ళీ అదే బరువు! "ఇదీ రోగం" అన్నాడు.

అందులోని తర్కం ఇది. బుల్లెట్టులో కిక్కు నేరుగా ఇంజన్ని తిప్పదు. గేరుబాక్సు ఇరుసుని తిప్పుతుంది, ఇరుసు క్లచ్చిని, క్లచ్చి చెయిను ద్వారా ఇంజన్ని తిప్పుతాయి. క్లచ్చి లివరు పట్టుకుంటే పలకలు విడిపోయి కిక్కు ఉత్తినే జారిపోవాలి. జారలేదంటే పలకలు అంటుకున్నాయన్నమాట. జబ్బూ మందూ కూడా అక్కడే వున్నాయి. తాళంచెవి తీసేసి, లివరు పట్టుకుని గట్టిగా నాలుగుసార్లు తొక్కితే, ఇంజనులోని గాలి ఒత్తిడి ఒకవైపూ మన కాలు మరోవైపూ లాగి పలకల్ని విడదీస్తాయి. రాత్రి చలికి కొంచెం అంటుకుంటే పొద్దున్నే ఇది చాలు. గేరులో వేసి గోడకేసి గుద్దడం, నలుగురు కలిసి తోయడం వంటి మోటువైద్యాలూ వున్నాయి. వాటితో గేరుపళ్ళు రాలితే పూచీ ఎవరిది?

నాలుగేళ్ళ బంక తొక్కుళ్ళకి లొంగలేదు. సాయిబుగారు ఎడమవైపు ఫుట్‌రెస్టు తీసి, ఆ మూతకున్న ఒకే ఒక్క పెద్ద నట్టు విప్పాడు. తారులాంటి ఆయిలు కారింది. స్ప్రింగులు విప్పి, పలకల కట్ట బయటికి లాగి, సందుల్లోకి పాతబ్లేడు దూర్చి ఒక్కొక్కటే విడదీశాడు. ఇనపపలకల్ని కిరసనాయిల్లో కడిగి, గరుకు కాయితంతో తుప్పు గీకి, పెద్దమ్మ పటం అద్దం అడిగి తీసుకుని దానిమీద పరిచాడు. వంకర పోయిన పలక అద్దం మీద కదలాడుతుంది. రెండు కదిలాయి, వాటిని మార్చాడు. పలకల చెవులు తగిలి తగిలి చుట్టూవున్న గిన్నెకి గాట్లు పడతాయి, వాటిని ఆకురాయితో సాపు చేశాడు. స్ప్రింగులు సమానంగా బిగించడానికి మాత్రం అన్నిటికంటే ఎక్కువసేపు తీసుకున్నాడు. ఒకవైపు బిగువెక్కితే మూతపలక వంకరగా లేస్తుంది, క్లచ్చి సగమే విడుతుంది. కొత్త ఆయిలు పోసి లివరు పట్టుకుని కిక్కు నొక్కితే, వెన్నలో వేలు దిగినట్టు దిగిపోయింది. మర్నాడు సామాన్లాయన కాటా వేసుకుని వస్తే పెద్దమ్మ మజ్జిగిచ్చి పంపించేసింది.

బండి కొన్నినెలలు ఆపక తప్పనివాళ్ళు క్లచ్చి లివరుని హ్యాండిలుకి లాగి పాత సైకిలు ట్యూబు ముక్కతో కట్టేస్తారు. పలకలు విడిగా వుంటాయి గనక అంటుకోవు. స్ప్రింగులు నీరసిస్తాయని కొందరు దీనికి ఒప్పుకోరు. నన్నడిగితే స్ప్రింగులు చవక, కట్టేయండి. అదీ ఇష్టంలేకపోతే వారానికోసారి తాళంచెవి తీసేసి, లివరు పట్టుకుని నాలుగు కిక్కులు కొట్టండి. పిల్లలకి చెప్పినా సరదాగా చేస్తారు.