విరిగిన ఎముక అతకట్లేదా? స్పాంజిలో జీన్ పెట్టి ఎముక పెంచే ట్రీట్‌మెంట్.. మన దగ్గర దొరుకుతుందా?

హైదరాబాద్: పాతబస్తీలో బైక్ మీద నుంచి పడి కాలు విరిగితే చాలామంది పరిగెత్తేది అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆస్పత్రికే. పుత్తూరు కట్టును నమ్ముకునేవాళ్లూ ఉన్నారు. ఎక్కువ శాతం ఎముకలు కొన్ని నెలల్లో అతుక్కుంటాయి. కొన్ని మాత్రం మొండికేస్తాయి. 9 నెలలు దాటినా అతకకుండా, చివరి 3 నెలల్లో ఎక్స్‌రేలో ఏ మార్పూ లేకపోతే సాధారణంగా దాన్ని ‘నాన్ యూనియన్’ అంటారు. ఆటో నడిపేవాళ్లకు, లాడ్‌బజార్‌లో రోజంతా నిలబడి గాజులు అమ్మేవాళ్లకు అన్ని నెలలూ సంపాదన ఆగినట్టే.

ఇప్పుడేం చేస్తున్నారు?

నడుము పక్కనుండే కటి ఎముక నుంచి కొంత తీసి, అతకని చోట పెడతారు. ప్లేటో, రాడ్డో వేసి కదలకుండా బిగిస్తారు. ఇదే బోన్ గ్రాఫ్ట్. బాగా పనిచేస్తుంది. కానీ ఇంకో కోత, అక్కడ ఇంకో నొప్పి తప్పవు. పైగా తీయగలిగే ఎముక కొంచెమే.

జీన్ ఎందుకు?

ఎముకలోనే కొత్త ఎముకను పుట్టించే పదార్థం ఉందని 1965లో అమెరికా డాక్టర్ మార్షల్ యూరిస్ట్ చూపించారు. ఆ కుటుంబంలోని బీఎంపీ-2 ప్రోటీన్‌ను కొలాజెన్ స్పాంజిలో నింపి వెన్నెముక సర్జరీలో వాడేందుకు 2002లో అమెరికా ఎఫ్‌డీఏ ఓకే చెప్పింది. చిక్కేంటంటే, ప్రోటీన్ త్వరగా బయటికి పోతుంది. అందుకే డోసు ఎక్కువ పెట్టాలి. మెడ సర్జరీల్లో వాడినప్పుడు వాపు వచ్చి ఊపిరాడని కేసులు బయటపడటంతో 2008లో ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది.

ప్రోటీన్ బదులు, దాన్ని తయారుచేసే జీన్‌నే పెడితే? ఇదే కొత్త ఆలోచన. స్లాబ్‌కు సెంట్రింగ్ ఎలాగో ఎముకకు ‘స్కాఫోల్డ్’ అలాగ. కొలాజెన్ లేదా కాల్షియం ఫాస్ఫేట్‌తో చేస్తారు. అందులో జీన్ ఉన్న డీఎన్‌ఏ నింపుతారు. చుట్టూ ఉన్న కణాలు లోపలికి పాకి, ఆ డీఎన్‌ఏ తీసుకుని, కొన్ని రోజులు లేదా వారాలపాటు అక్కడికక్కడే ప్రోటీన్ తయారుచేస్తాయి. ఎముక పెరిగేకొద్దీ స్కాఫోల్డ్ కరిగిపోతుంది.

ఎంతవరకు వచ్చింది?

1999లో అమెరికా పరిశోధకులు కుక్కల కాలి ఎముకల్లో ఈ పద్ధతితో కొత్త ఎముక పెరిగినట్టు చూపించారు. రష్యాలో దవడ ఎముక లోపాలున్న రోగులపై, రక్తనాళాలను పెంచే జీన్‌తో పరీక్షలు జరిగాయి. కణాల్లోకి డీఎన్‌ఏ చాలినంత వెళ్లకపోవడం ఇప్పటికీ పెద్ద అడ్డంకి. వైరస్‌తో పంపితే బాగా వెళ్తుంది కానీ, సేఫ్టీ భయాలున్నాయి.

మన దగ్గర?

మామూలు ట్రీట్‌మెంట్‌గా ఇది ఇంకా రాలేదు. 2019 నాటి రూల్స్ ప్రకారం జీన్ థెరపీ అంటే కొత్త మందు కిందే లెక్క, అనుమతి తప్పనిసరి. ఎవరైనా ‘జీన్‌తో ఎముక అతికిస్తాం’ అని డబ్బులు అడిగితే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐ నంబర్ చూపించమనండి. నంబర్ లేకపోతే డబ్బు కట్టొద్దు.

ఎముక అతకట్లేదంటే ముందు కారణం తేలాలి. ఇన్ఫెక్షన్ ఉందా? ప్లేట్ వదులైందా? షుగర్ కంట్రోల్‌లో ఉందా? సిగరెట్ మానారా? ఈ నాలుగూ ఈసారి చెకప్‌లో డాక్టర్‌తో మాట్లాడాల్సినవే.