నేలపట్టు పక్షుల లెక్క ఎవరిది?

నేలపట్టు చెరువును పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించింది 1976లో. ఈ 2026తో యాభై ఏళ్లు నిండుతున్నాయి. దొరవారిసత్రం మండలంలోని ఈ చెరువు నీళ్లలోనే నిలిచి పెరిగే చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు ఏటా గూళ్లు కట్టి పిల్లల్ని లేపుకుని పోతాయి. రెట్టలు కలిసిన చెరువు నీరు పైరుకు బలమని ఇక్కడి రైతుల నమ్మకం. అందుకే పిట్టల జోలికి పోలేదు. పక్షుల అందం గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను రాయాలనుకున్నది వాటి లెక్క గురించి. ఎన్ని వచ్చాయో ఎవరు చూస్తారు, ఎవరు రాస్తారు, రాసింది చివరికి ఎవరి సొత్తు?

నేలపట్టు ఉన్న ఈ నెల్లూరు సీమ పక్షుల గురించి శతాబ్దాల తరబడి ఉన్నదంతా నోటిమాటే. వేటగాళ్లకూ యానాదులకూ తెలిసింది కాగితం ఎక్కలేదు. 1840లలో నెల్లూరు సివిల్ సర్జన్‌గా వచ్చిన థామస్ జెర్డన్ ఆ మాటల్ని విన్నాడు. యానాదుల దగ్గర అడవి సంగతులు నేర్చుకున్నాడు. 1862-64 మధ్య మూడు సంపుటాలుగా వచ్చిన ఆయన గ్రంథంలో పక్షుల తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. ఆయనకు మన తూర్పు కనుమల్లో దొరికిన కలివికోడి ప్రపంచానికంతటికీ ‘జెర్డన్ కోర్సర్’ అయింది. 1900 తర్వాత కనబడకుండా పోయిన ఆ పిట్టను 1986లో కడప జిల్లాలో మళ్లీ పట్టుకోగలిగింది కూడా ఒక స్థానిక వేటగాడి వల్లనే. చెప్పినవాడొకడు, పేరొకడిది.

జెర్డన్ తర్వాత వచ్చిన ఏలన్ ఆక్టేవియన్ హ్యూమ్ కథ దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. కాంగ్రెస్ స్థాపకుల్లో ఒకడిగానే మనకు ఆయన తెలుసు. దేశం నలుమూలల ఉన్న సైనికాధికారుల నుంచి, ప్లాంటర్ల నుంచి, ఉద్యోగుల నుంచి ఉత్తరాల మీద పక్షుల సమాచారం తెప్పించుకున్నది కూడా ఆయనే. 1872లో దానికోసం ‘స్ట్రే ఫెదర్స్’ అనే పత్రిక పెట్టాడు. ఎక్కడ ఏ పిట్ట కనబడిందో, ఏ నెలలో గుడ్లు పెట్టిందో ఎవరికి తెలిసింది వాళ్లు రాసి పంపేవారు. ఇప్పటివాళ్లు ఇంటర్నెట్‌లో చేస్తున్న పని ఆ మనిషి తపాలా మీద నడిపించాడు. సిమ్లాలో రోత్నీ కాసిల్ అనే ఆయన ఇల్లే మ్యూజియం. అటకల నిండా పక్షుల చర్మాలు, బీరువాల నిండా రాతప్రతులు.

1884 చలికాలంలో ఆయన కింద మైదానాలకు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి రాతప్రతులు లేవు. ఇంటి నౌకరు వాటిని సిమ్లా బజారులో చిత్తుకాగితాల కింద అమ్మేశాడు. ఏళ్ల తరబడి వందల చేతులు రాసి పంపిన సమాచారం పొట్లాలైపోయింది. హ్యూమ్ మనసు విరిగి, తన సేకరణ మొత్తాన్ని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశాడు. చర్మాలకు తగులుతాయని మేకులు కొట్టకుండా దేవదారు చెక్కతో 47 పెట్టెలు చేయించి, కొండ దింపి, ఎడ్ల బండ్ల మీద కాల్కా చేర్చి, అక్కణ్నుంచి బొంబాయి రేవుకు పంపారు. 1885లో సుమారు 82,000 నమూనాలు సముద్రం దాటాయి. మిగిలిన రాతల్ని యూజీన్ ఓట్స్ సంస్కరించి 1889-90లో అచ్చు వేశాడు. నౌకరు మీద నాకు కోపం రాదు. అన్ని చేతుల రాత ఒకే ఇంట్లో, నకలు లేకుండా ఉండటమే అసలు ప్రమాదం. రాసి పంపిన వందలాది మందికి ఆ కాగితాల మీద ఏ హక్కూ లేదు. పోయిన సంగతి వాళ్లకు పోయాకే తెలిసింది.

ఆ తర్వాత నూరేళ్లలో కాగితం తెరగా మారింది గానీ ప్రశ్న మారలేదు. 1990లలో సంగీతాభిమానులు తమ సీడీల్లోని పాటల పేర్లు ఒక్కొక్కటే టైపు చేసి సీడీడీబీ అనే జాబితా నింపారు. అది చేతులు మారి గ్రేస్‌నోట్ అయింది. వాడుకోవాలంటే లైసెన్సు కొనాల్సి వచ్చింది. నింపినవాళ్లకు దక్కింది శూన్యం. ఆ బాధ నుంచే మ్యూజిక్‌బ్రెయిన్జ్ పుట్టింది. లాభాపేక్ష లేని సంస్థను వెనక పెట్టుకుని, ప్రధాన సమాచారాన్ని ఎవరైనా నకలు తీసుకోవచ్చని ముందే రాసిపెట్టింది. సినిమాల జాబితా ఐఎండీబీ కూడా అభిమానులు కట్టిందే. 1998లో అమెజాన్ సొంతమైంది.

మన పిట్టల లెక్క ఇప్పుడు చాలావరకు ఈబర్డ్ అనే ఇంటర్నెట్ వేదికలో ఉంది. 2002లో మొదలైన ఈ వేదికను నడిపేది అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పక్షి పరిశోధన కేంద్రం. ఫొటో హక్కు తీసినవాళ్లకే ఉంటుంది. వాణిజ్యం కాని పరిశోధనకు అడిగినవారికి సమాచారం ఇస్తారు. వేటగాళ్ల కంటపడితే ముప్పున్న జాతుల చోటును దాచిపెడతారు, అది న్యాయమే. 30,000 మందికి పైగా పక్షి ప్రేమికులు ఎక్కించిన 3 కోట్ల పైచిలుకు నమోదుల మీద నిలిచింది 2023 నాటి భారత పక్షుల స్థితి నివేదిక. 942 జాతుల్ని పరిశీలించి, 178 జాతుల్ని అత్యవసరంగా కాపాడుకోవాలంది. ఇంతమేలు చేసిన వేదికను నేను తప్పుపట్టను. అయినా దాని నియమాలు నిర్ణయించే బల్ల దగ్గర దొరవారిసత్రం కుర్రాడికి కుర్చీ లేదు.

చట్టం ఏమంటుంది? యూరప్‌లో 1996 నుంచి డేటాబేస్‌లకు ప్రత్యేక హక్కుంది. మనకు అది లేదు. కాపీరైట్ చట్టం సంకలనాలనూ కంప్యూటర్ డేటాబేస్‌లనూ సాహిత్య కృతుల లెక్కలో వేస్తుంది. శ్రమపడి పోగేస్తే చాలదని, కూర్పులో నైపుణ్యం, విచక్షణ కనబడాలని 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫలానా తేదీన ఇన్ని గూడబాతులు కనబడ్డాయన్న వాస్తవం మాత్రం ఎవరి కాపీరైటూ కాదు. కాబట్టి మిగిలేది ఒప్పందం ఒక్కటే. అందులో ఏముందో చదవకుండానే అందరం ఒప్పుకుంటున్నాం.

ఇందులో మన చేతిలో ఉన్న ఒక మార్గాన్ని మనమే మరిచిపోతున్నాం. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ఊరివాళ్లను అడిగి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. చెప్పింది ఊరు, రాసింది ఊరు, పుస్తకం ఉండేది ఊళ్లోనే. హ్యూమ్‌కు ఉత్తరాలు రాసినవాళ్లకు లేని హక్కు ఇది.

యాభై ఏళ్ల పండుగకు తోరణాలూ ఉపన్యాసాలూ ఉండనే ఉంటాయి. అటవీ శాఖను నేను అడిగేది వేరు. ఈ చెరువు మీద ఇన్నేళ్లుగా రాసిన గూళ్ల లెక్కలు స్కాన్ చేసి, ఏ ఏడాదిది ఆ ఏడాదిగా, లెక్కపెట్టిన వాచర్ల పేర్లతో సహా తెలుగులో అందరికీ తెరవండి. ఒక నకలు నేలపట్టు పంచాయతీలో, మరొకటి దొరవారిసత్రం హైస్కూల్లో పెట్టండి. ఎవరు ఏ షరతు మీద వాడుకోవచ్చో మొదటి పేజీలోనే రాయండి.