స్టూడియో చిత్రం, స్వతంత్ర చిత్రం

స్టూడియో చిత్రం, స్వతంత్ర చిత్రం అనేవి చలనచిత్ర నిర్మాణంలో రెండు పద్ధతులు. పెట్టుబడి ఎవరిది, తుది నిర్ణయం ఎవరిది అన్నవే వీటి మధ్యగల ప్రధాన భేదాలు. చిత్రం పెద్దదా చిన్నదా అన్నది కాదు.

తెలుగులో మొదటి పద్ధతికి మద్రాసులోని విజయా సంస్థ చక్కని ఉదాహరణ. నాగిరెడ్డి, చక్రపాణి నడిపిన ఈ సంస్థలో నటులు కూడా నెలజీతంపై పనిచేసేవారు. పాతాళభైరవి (1951) నాటికి ఎన్.టి.రామారావు ఇట్టి ఒప్పందంలోనే ఉన్నాడు. సెట్లు, దీపాలు, నిపుణులు ఒకేచోట ఉండుటచేతనే మాయాబజార్ (1957)లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే స్టూడియోలో వెన్నెల కురిపించగలిగాడు.

మా భూమి (1980) ఇందుకు పూర్తిగా భిన్నం. తెలంగాణా సాయుధ పోరాటంపై కిషన్ చందర్ వ్రాసిన ఉర్దూ నవల దీనికి ఆధారం. బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మాతలు, బెంగాలుకు చెందిన గౌతమ్ ఘోష్ దర్శకుడు. కథానాయకుడు సాయిచంద్ అప్పటికి కొత్తవాడు. చిత్రీకరణ తెలంగాణా పల్లెలలో జరిగింది. గద్దర్ స్వయంగా తెరపై కనిపించి పాడాడు. భూస్వామ్యాన్ని ఇంత సూటిగా చూపే కథను తారలపై ఆధారపడిన సంస్థ చేపట్టి ఉండేదని చెప్పలేము.

నర్సింగరావు దర్శకత్వం వహించిన దాసి (1988) ఐదు జాతీయ పురస్కారాలు పొందింది. అయితే స్వతంత్ర చిత్రాలకు అసలు కష్టం నిర్మాణం ముగిసిన తరువాతనే. పంపిణీదారు దొరకాలి, థియేటరు దొరకాలి. స్థానికులే నటించిన కేరాఫ్ కంచరపాలెం (2018) కూడా దగ్గుబాటి రానా సమర్పణలోనే థియేటర్లకు చేరింది.