మత్రా కొండ వెనుక ఊరు

సాయంకాలం పిల్లలతో మత్రా సముద్రపు గట్టున నడిచేటప్పుడు మనకు ఒక సందేహం రావాలి, కాని రాదు. రేవు ఇక్కడ, పాత సూక్ ఇక్కడ. మరి మన ఇళ్ళు, కార్యాలయాలు కొండకు ఆవల రువీలో ఎందుకున్నాయి?

మత్రాకు ముందు సముద్రం, వెనుక రాతికొండలు. పెరగడానికి చోటు లేదు. 1970 జూలైలో సుల్తాన్ ఖాబూస్ గద్దె ఎక్కేనాటికి దేశం మొత్తం మీద తారు రోడ్డు సుమారు 10 కిలోమీటర్లు, బడులు మూడు. వైద్యానికి జనం మత్రాలోని అమెరికన్ మిషన్ ఆసుపత్రికి వచ్చేవారు. అక్కడ దశాబ్దాల పాటు పనిచేసిన డాక్టర్ వెల్స్ థామ్స్ పేరును వైద్యవృత్తిలోని మేము గౌరవంతో తలచుకుంటాం.

చమురు ఎగుమతి 1967లోనే మొదలైంది. కాని డబ్బు చేతికొచ్చినంత మాత్రాన ఊరు లేవదు. ఏది ముందు, ఏది ఎక్కడ అన్నది ఎవరో తేల్చాలి. 1973లో విమానాశ్రయం సీబ్‌కు తరలింది. రువీలో బైత్ అల్ ఫలజ్ కోట దగ్గరి పాత విమానాల మైదానం ఖాళీ అయింది. బ్యాంకులు, వ్యాపార కార్యాలయాలు అక్కడ వెలిశాయి. 1974లో మత్రాలో కొత్త రేవు సిద్ధమైంది. 1976లో మొదటి పంచవర్ష ప్రణాళిక ఆరంభమైంది. ఆ మాట మనకు 1951 నుండి పరిచయమే. చమురు ఏనాటికైనా తరిగేదే కనుక వేరే ఆదాయాలు వెతకాలన్నది ఆ ప్రణాళిక సారాంశం. ఆ ఏడే ఘుబ్రాలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారం పని మొదలుపెట్టింది. ఇవన్నీ లేకుంటే రువీ లేదు, మనమూ ఇక్కడ లేము.

ఫలితం కాదనలేనిది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్య వ్యవస్థలను లెక్కగట్టినప్పుడు ఒమాన్‌కు 8వ స్థానం దక్కింది.

అయితే రువీ ఉన్నది లోయలో. అరబ్బులు వాదీ అనేదాన్ని మనం వాగు అంటాం. ఏళ్ళ తరబడి ఎండి ఉన్నా వాగు తన దారి మరచిపోదు. 2007 జూన్‌లో గోను తుఫాను వచ్చినప్పుడు మస్కట్ ప్రాంతపు వాదీలన్నీ పొంగాయి. ఖురం మునిగింది, రోడ్లు కొట్టుకుపోయాయి, మంచినీటి కర్మాగారం ఆగి కుళాయిలు ఎండాయి. చుట్టూ వరద, తాగడానికి చుక్క లేదు. నీళ్ళు లేనిచోట ఎన్ని పడకల ఆసుపత్రి ఉన్నా ఏం లాభం? వరద నిలిపే ఆనకట్టలు ఆ తరువాత కట్టారు.

మన చరిత్రా ఇదే. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచాకనే విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. అంత తెలిసీ 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు ఇళ్ళలోకి వచ్చింది.

ఈ మాట చెప్పడానికి కారణం ఉంది. మనలో చాలామంది ఇక్కడి సంపాదనతో అక్కడ స్థలాలు కొంటున్నాం. గజం ధర అడుగుతాం, రోడ్డు వెడల్పు అడుగుతాం, వాస్తు చూపిస్తాం. వాన కురిస్తే నీళ్ళు ఎటు పోతాయని అడిగేవారు తక్కువ. ఈసారి సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ముందుగా ఆ ఊరి పెద్దవాళ్ళను ఆ ఒక్క సంగతి అడుగుదాం.