మబ్బు పట్టినా మారని ఆవిరి కోసం

1982లో అమెరికాలోని మొహావీ ఎడారిలో, బార్‌స్టో పట్టణం దగ్గర ‘సోలార్ వన్’ అనే విద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టింది. 1,818 అద్దాలు సూర్యుడి వెంట తిరుగుతూ ఎండనంతా ఒక ఎత్తైన గోపురం కొన మీదికి మళ్లించేవి. అక్కడి గొట్టాల్లో నీరు నేరుగా 516 డిగ్రీల సెల్సియస్ ఆవిరై, కిందికి దిగి 10 మెగావాట్ల టర్బైన్‌ను తిప్పేది. ఆ ఎడారిలో ఎండకు కొదవ లేదు. ఇంజనీర్లను కలవరపెట్టింది మబ్బు. ఒక మబ్బు తునక అద్దాల మీదుగా సాగితే కొద్ది నిమిషాల్లోనే ఆవిరి వేడి పడిపోయేది, టర్బైన్ ఆగిపోయేది.

టర్బైన్‌కు కావలసింది నిలకడ. ఆవిరి వేడి తగ్గితే అందులో నీటి బిందువులు ఏర్పడి, చివరి వరస బ్లేడ్లను కొట్టికొట్టి అరగదీస్తాయి. వేడి మితిమీరితే గొట్టాల లోహం మెత్తబడి క్రమంగా సాగుతుంది. వేడి గబగబా పెరిగి తగ్గుతుంటే రోటరు ఒక తీరుగా, దాని తొడుగు మరో తీరుగా వ్యాకోచించి పగుళ్లు పుడతాయి. కొత్తగూడెం, రామగుండం బాయిలర్ల దగ్గర పనిచేసినవారికి ఇదంతా తెలిసిందే. అక్కడైతే బొగ్గు తగ్గించవచ్చు, పెంచవచ్చు. ఆవిరిని మరింత కాచే సూపర్‌హీటర్‌లో వేడి ఎక్కువైతే నీళ్లు స్ప్రే చేసి దించవచ్చు. సౌర కేంద్రంలో నిప్పు మనిషి చేతిలో లేదు. ఎండ ఎక్కువైతే కొన్ని అద్దాలను పక్కకు తిప్పవచ్చు గానీ, తక్కువైనప్పుడు ఎండను పెంచే మార్గం లేదు.

తొలితరం వాళ్లకు ఈ తిప్పలు ఎదురుకాలేదు. వాళ్లు అంత వేడి ఆవిరిని కోరనే లేదు. ఫ్రాన్స్‌లో ఆగుస్తిన్ మూషో 1878 పారిస్ ప్రదర్శనలో ఎండతో ఆవిరి యంత్రాన్ని నడిపి, దాంతో మంచుగడ్డ తయారుచేసి చూపించాడు. అదే కాలంలో బొంబాయిలో ఉద్యోగం చేస్తున్న విలియం ఆడమ్స్ అనే ఆంగ్లేయుడు చిన్నచిన్న చదును అద్దాలను వరసగా పేర్చి, బాయిలర్ మీదికి ఎండ మళ్లించి, రెండున్నర హార్స్‌పవర్ పంపును తిప్పాడు. ఉష్ణదేశాల్లో కట్టెలకు, బొగ్గుకు బదులు ఎండే వాడుకోవచ్చని 1878లో పుస్తకం కూడా రాశాడు. గోపురం చుట్టూ అద్దాలు నిలబెట్టే పద్ధతికి పూర్వరూపం మన దేశంలోనే కనిపించిందన్న సంగతి తగినంతగా ప్రచారం కాలేదు. 1913లో ఫ్రాంక్ షూమన్ ఈజిప్టులోని మాదీలో, ఒక్కొక్కటి 62 మీటర్ల పొడవున్న ఐదు అద్దాల దోనెలతో నైలు నీళ్లు తోడాడు. అతను మొదట పెట్టిన జింకు బాయిలర్లు ఆ వేడికే తట్టుకోలేక పాడయ్యాయి. అయినా ఆ ఇంజన్ వాడింది చాలా తక్కువ పీడనపు ఆవిరినే. దాని వేడి కాస్త అటూఇటూ అయినా పంపు ఆడేది.

బొగ్గు కేంద్రంతో సమానమైన ఆవిరిని సూర్యుడి నుంచి రాబట్టిన ఘనత ఇటలీ శాస్త్రవేత్త జొవాన్ని ఫ్రాంచాది. 1965లో జెనోవా దగ్గర సాంత్ ఇలారియోలో ఆయన నిర్మించిన చిన్న కేంద్రం 500 డిగ్రీల ఆవిరిని ఇచ్చింది. ఆ విజయం చూసి 1980ల ఆరంభంలో సిసిలీలో యూరేలియోస్, స్పెయిన్‌లో సెసా-1, అమెరికాలో సోలార్ వన్ లేచాయి. అసలు కష్టాలు అక్కడే మొదలయ్యాయి.

సోలార్ వన్ గోపురం చుట్టూ 24 గొట్టాల పలకలు ఉండేవి. ఆరింటిలో నీరు వేడెక్కేది. మిగిలిన పద్దెనిమిదింటిలో ఒక్క పరుగులోనే మరిగి, ఆవిరై, సూపర్‌హీట్ అయ్యేది. పొద్దున ఒక వైపు పలకల మీద వేడి ఎక్కువ, సాయంత్రం మరో వైపు. అందుకని ఆ పద్దెనిమిదింటికీ ఒక్కోదానికి ఒక్కో కవాటం పెట్టి, నీటి ప్రవాహాన్ని విడివిడిగా దిద్దేవారు. మబ్బు కమ్మితే ఆ కవాటాలన్నీ ఒకేసారి పరుగులెత్తాలి. ఎండ మళ్లీ విరగకాస్తే, నీరు తగ్గించిన గొట్టమే ముందు మాడుతుంది. గొట్టాలు పగిలాయి, పలకలు వంకరపోయాయి. వేడిని రాళ్లలో, ఇసుకలో, నూనెలో దాచిపెట్టినా, ఆ నిల్వ నుంచి వచ్చే ఆవిరి 277 డిగ్రీలు దాటేది కాదు.

అదే ఎడారిలో లుజ్ అనే కంపెనీ వేరే దారి పట్టింది. 1984 నుంచి అది కట్టిన తొమ్మిది కేంద్రాల్లో అద్దాల దోనెల మధ్య ప్రవహించేది నీరు కాదు, నూనె. నూనె ఎండలో వేడెక్కి, ఆ వేడితో పక్కన నీటిని ఆవిరి చేసేది. మొదటి కేంద్రంలో నూనె 307 డిగ్రీలకే పరిమితం కావడంతో ఆ ఆవిరిని గ్యాస్ మంటతో 415కు పెంచారు. తరువాతి కేంద్రాల్లో నూనె 390 దాకా, ఆవిరి 371 దాకా చేరింది. తొమ్మిదీ కలిపి 354 మెగావాట్లు. లుజ్ 1991లో దివాలా తీసింది, కేంద్రాలు మాత్రం దశాబ్దాలపాటు నడిచాయి. నూనె 400 డిగ్రీల దగ్గర విరిగిపోతుంది కనుక ఈ దారికి అక్కడితో హద్దు.

నూనె వేడిని అదుపు చేయడం కూడా తేలిక కాదు. తూము దగ్గర తలుపు ఎత్తితే చివరి పొలానికి నీళ్లు చేరడానికి ఆలస్యమైనట్టే, పంపు వేగం మార్చిన ఫలితం వందల మీటర్ల అవతల గొట్టం చివర నిమిషాల తరువాత గాని కనబడదు. ప్రవాహం మందగిస్తే ఆ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. స్పెయిన్‌లోని అల్మేరియా సౌర పరిశోధన కేంద్రంలో, 1981లో వెలిసిన అక్యురెక్స్ అద్దాల క్షేత్రం మీద ఎడువార్డో కమాచో బృందం ఏళ్ల తరబడి పరిశోధించింది ఈ చిక్కునే. వేడి మారాక దిద్దడం ఆలస్యమని, ఎండ మారగానే కొలిచి ప్రవాహాన్ని ముందే మార్చే పద్ధతులను వాళ్లు రూపొందించారు. నియంత్రణ శాస్త్రం చదివేవారికి ఆ క్షేత్రం నేటికీ ఒక పాఠం.

అక్కడే 1990ల చివర్లో, నూనెను తీసేసి నీటినే దోనెల్లో మరిగించే ప్రయోగం జరిగింది. దాని పేరు డిస్. ఆవిరి వేడిని దిద్దడానికి వాళ్లు ఎంచుకున్న ఉపాయం బొగ్గు కేంద్రాల్లో పాతదే: చివరి దోనెకు ముందు కొంచెం నీటిని ఆవిరిలోకి చిమ్మడం.

2007లో సెవిల్ దగ్గర మొదలైన పీఎస్-10 గోపుర కేంద్రం సూపర్‌హీట్ జోలికే పోలేదు. 40 బార్ పీడనంలో 250 డిగ్రీల సంతృప్త ఆవిరితో, అంటే మరిగాక మరింత వేడెక్కించని ఆవిరితో, సరిపెట్టుకుంది. సంతృప్త ఆవిరి వేడి దాని పీడనాన్ని బట్టే ఉంటుంది; పీడనం నిలిపితే వేడి నిలుస్తుంది. టర్బైన్ సామర్థ్యం తగ్గినా, అది తెలివైన నిర్ణయం. తిరుమలలో 2002లో అమర్చిన 106 సౌర డిష్‌లు అన్నదానం వంటకు పంపిన 180 డిగ్రీల ఆవిరికీ ఇదే సూత్రం.

అయితే గట్టి పరిష్కారం ఉప్పు నుంచి వచ్చింది. సోలార్ వన్‌నే మార్చి 1996లో సోలార్ టూగా నడిపారు. అరవై పాళ్లు సోడియం నైట్రేట్, నలభై పాళ్లు పొటాషియం నైట్రేట్ కరిగించి, 290 డిగ్రీల దగ్గర పైకి పంపి, 565 దగ్గర తొట్టిలో నింపారు. ఆవిరి ఆ తొట్టి వేడితో పుడుతుంది కాబట్టి మబ్బు వచ్చినా టర్బైన్‌కు తెలియదు. 2011లో స్పెయిన్‌లో మొదలైన హెమాసోలార్ 15 గంటల నిల్వతో రాత్రంతా కరెంటు ఇచ్చింది. ఉప్పుకూ చిక్కులున్నాయి: చల్లబడితే గడ్డకడుతుంది, తొట్టి కారుతుంది. నెవాడాలోని క్రెసెంట్ డ్యూన్స్ కేంద్రం 2016లో తొట్టి కారి నెలల తరబడి ఆగింది. అయినా, ఇన్ని దశాబ్దాల ప్రయత్నాల్లో ఎండకూ ఆవిరికీ మధ్య లంకెను నిజంగా తెంచింది ఉప్పు ఒక్కటే.

తెలుగు నేల మీద, అనంతపురం జిల్లాలో 2014లో మేఘా సంస్థ కట్టిన 50 మెగావాట్ల కేంద్రం నూనె దోనెల తరహాది. నైరుతి మబ్బుల కింద అలాంటి కేంద్రాన్ని నడపడం మొహావీలో నడపడం లాంటిది కాదు. అక్కడి కంట్రోల్ రూములో పనిచేసిన ఇంజనీర్లు, ఆపరేటర్లు ఏ మబ్బుకు పంపును ఎలా మార్చారో, ఏ రోజు టర్బైన్‌ను కాపాడుకున్నారో, ఏ రోజు ఆపేశారో తెలుగులో రాసి ఉంచాలి. మన పాలిటెక్నిక్ విద్యార్థులకు అంతకంటే పనికొచ్చే పుస్తకం ఉండదు.